ఖండాలు దాటి పనిచేసే టీమ్‌ని ఎలా అమర్చాలి: నాలుగు పద్ధతులు, ఏది ఎవరికి సరిపోతుంది

కొత్తగా గ్లోబల్ టీమ్ పెట్టబోయే మేనేజర్లు ముందుగా అడిగేది సంస్కృతి గురించే. జర్మన్లు మొహం మీదే చెప్పేస్తారట కదా, అమెరికా వాళ్లు ప్రతిదానికీ గ్రేట్ అంటారు, దాన్ని నమ్మాలా వద్దా, జపాన్ వాళ్లతో ఎలా మెలగాలి, మనవాళ్లు కాల్‌లో నోరెందుకు విప్పరు... దీనికోసం ఒక రోజు ట్రైనింగ్ పెట్టిస్తారు, మెయిల్ ఎలా మొదలుపెట్టాలో, ఎవరిని పేరుతో పిలవాలో నేర్పిస్తారు, మర్నాటి నుంచి అంతా మామూలే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ముందు తేల్చుకోవాల్సింది పనిని ఎక్కడెక్కడ ఎలా విడగొడుతున్నారు, నిర్ణయం ఎవరి చేతిలో పెడుతున్నారు అన్న విషయం. ఆ అమరిక కుదరకపోతే చిన్న చిన్న సాంస్కృతిక తేడాలు కూడా పెద్దవై కూర్చుంటాయి. కుదిరితే అవే తేడాలు చాలావరకు పనికి అడ్డం రావు.

నేను చెప్పేది ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల నుంచి అమెరికా, యూరప్‌లతో కలిసి నడిచే సాఫ్ట్‌వేర్ టీమ్‌ల గురించి, ఎందుకంటే నేను ఏళ్లుగా ఉన్నది అందులోనే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి చాలావరకు ఈ దూరపు పని మీదే బతుకుతున్నాయి. అయినా ఇప్పటికీ కొత్త టీమ్ అనగానే పోయిన ప్రాజెక్టులో ఎలా చేశామో అలాగే కానిచ్చేయడమే తప్ప, ఈ పనికి ఆ అమరిక సరిపోతుందా అని ఆగి అడిగేవాళ్లు తక్కువ.

సంస్కృతి తేడా దాదాపు లేని చోట ఏం జరిగిందో ఒకసారి చూడండి. 1999 సెప్టెంబర్ 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గరకు చేరి, గ్రహానికి మరీ దగ్గరగా వెళ్లిపోయి నాశనమైంది. దాన్ని నడిపిన వాళ్లలో ఒక టీమ్ డెన్వర్ దగ్గర లాక్‌హీడ్ మార్టిన్‌లో, ఇంకో టీమ్ కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఉండేది. ఒకే దేశం, ఒకే భాష, మధ్యలో గంట తేడా. డెన్వర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌక దిశ సరిచేసే చిన్న ఇంజన్ల) లెక్కని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, అటువైపు వాళ్లు అవి న్యూటన్ సెకన్లే అనుకుని దారి లెక్కలు వేసుకున్నారు, అంటే దాదాపు 4.45 రెట్ల తేడా. దారి లెక్కలు చూసేవాళ్లకి ముందే అనుమానం వచ్చింది కూడా. కానీ ఆ అనుమానం మెయిళ్లలో, మాటల్లో తిరిగిందే తప్ప, నమోదు చేసి జవాబు రాబట్టే పద్ధతిలోకి గట్టిగా ఎక్కలేదని విచారణ బోర్డు తేల్చింది. అక్కడ ఎవరూ మొహమాటపడలేదు, భాష అడ్డం రాలేదు. రెండు టీమ్‌ల మధ్య అతుకు ఎవరి బాధ్యతో ఖాయంగా లేదు.

ఎయిర్‌బస్ ఏ380 విమానం కథ ఇంకా మన ఆఫీసులకి దగ్గరగా ఉంటుంది. జర్మనీలో హాంబర్గ్ వాళ్లు డిజైన్‌కి కాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ వాడారు, ఫ్రాన్స్‌లో తూలూజ్ వాళ్లు ఐదో వెర్షన్ వాడారు. ఒక్కో విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైర్లు ఉంటాయి. హాంబర్గ్ నుంచి వచ్చిన భాగాల్లో వైర్లు తూలూజ్‌లో బిగించబోతే పొడవు చాలలేదు, మలుపులు కుదరలేదు. 2006లో వరుసగా ఆలస్యాలు ప్రకటించారు, పైస్థాయి పదవులు ఊడాయి, మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చేసరికి 2007 అక్టోబర్ అయింది. దీన్ని ఫ్రెంచి-జర్మన్ గొడవగా చెప్పుకున్నవాళ్లు ఉన్నారు, అందులో నిజం లేదనను. కానీ ఏ సైట్‌కి ఆ సైట్ తన టూల్ తానే ఎంచుకునే వీలు ఉండబట్టే ఆ గొడవకి అంత బలం వచ్చింది.

అలాగని సంస్కృతి ఏమీ లేదని కాదు. గీర్ట్ హోఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి తీసుకున్న జవాబులతో దేశాలకి కొన్ని అంకెలు కట్టాడు. అందులో ఒకటి, పైవాళ్లకీ కిందివాళ్లకీ మధ్య ఉండే దూరాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారు అన్నది, అంకె పెద్దదైన కొద్దీ అంత మామూలుగా తీసుకుంటారని. భారత్‌కి 77, జపాన్‌కి 54, అమెరికాకి 40, నెదర్లాండ్స్‌కి 38, జర్మనీకి 35. ఇవి ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబులు, యాభై ఏళ్ల నాటివి, పైగా సగటులు, కాబట్టి మీ టీమ్‌లో ఉన్న ఫలానా అమ్మాయి ఎలా ఉంటుందో వీటిలో వెతక్కండి. నేను ఈ అంకెల్ని వాడేది ఒక్కదానికే: ఈ రెండు చోట్ల మధ్య "కాదు" అనే మాట ఎన్నిసార్లు ప్రయాణం చేయాల్సి వస్తుంది, అంత దూరం అది చెక్కుచెదరకుండా చేరుతుందా అని అంచనా వేసుకోవడానికి.

చేరకపోతే ఎలా ఉంటుందో నేను పనిచేసిన ఒక టీమ్‌లో చూశాను. సియాటిల్‌లో ఉదయం ఎనిమిది, మాకు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడి ప్రొడక్ట్ మేనేజర్ శుక్రవారం రిలీజ్ ఓకేనా అని అడిగింది. మా లీడ్ ఓకే అన్నాడు. డేటా మార్చే స్క్రిప్ట్ పెద్ద ఖాతాల మీద ఫెయిలవుతోందని ఆ మధ్యాహ్నమే టెస్టింగ్ చేసిన అబ్బాయికి తెలుసు, అతను కాల్‌లోనే ఉన్నాడు, మైక్ మ్యూట్‌లో ఉంది. లీడ్ ఓకే అన్నాక పదిమంది ముందు ఎలా కాదంటాడు? కాల్ అయ్యాక లీడ్‌కి మెసేజ్ పెట్టాడు. లీడ్ మర్నాడు ఆన్‌సైట్‌లో, అంటే క్లయింట్ దగ్గరే ఉండి పనిచేసే మా మనిషికి చెప్పాడు, ఆయన ఇంకోసారి కన్ఫర్మ్ చేసుకుని చెప్దామనుకున్నాడు. సియాటిల్‌కి విషయం చేరేసరికి గురువారం మధ్యాహ్నం, అప్పటికే కస్టమర్లకి మెయిల్ వెళ్లిపోయింది. తర్వాత జరిగిన మీటింగ్‌లో ఇండియా టీమ్ ఓపెన్‌గా మాట్లాడదు అని రాసుకున్నారు. ఆ రిలీజ్ ఓకే అనాల్సింది లీడ్ కాకుండా, టెస్టింగ్ చేసిన మనిషే తన పేరు మీద ఒక టిక్కు పెట్టాలన్న నియమం ఉండుంటే, ఆ అబ్బాయి ధైర్యవంతుడా కాదా అన్న ప్రశ్నే వచ్చేది కాదు.

అందుకే కింద చెప్పే నాలుగు పద్ధతుల్ని నేను ఒకే కొలతతో చూస్తాను. ఒక ఇబ్బందికరమైన నిజం పుట్టిన చోటు నుంచి నిర్ణయం తీసుకునే చోటుకి వెళ్లడానికి ఎంతమంది చేతులు మారాలి, ఎన్ని రాత్రులు దాటాలి?

ముందు గడియారం సంగతి

పద్ధతి ఎంచుకునే ముందు టైమ్ లెక్క వేయండి. మన గడియారం ఏడాదంతా ఒకటే, వాళ్లది మారుతుంది. న్యూయార్క్‌తో మనకి వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కోలతో పన్నెండున్నర, పదమూడున్నర. లండన్‌తో నాలుగున్నర, ఐదున్నర. బెర్లిన్‌తో మూడున్నర, నాలుగున్నర. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి జరిగి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మూడు చోట్లా మనుషులున్న టీమ్‌కి మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర్లో ఒక వారం కాల్స్ అన్నీ తారుమారవుతాయి, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మీటింగ్ మిస్సవుతారు.

దీనివల్ల తేలేది ఏంటంటే, బెర్లిన్‌తో పని అయితే రోజులో ఐదారు గంటలు ఇద్దరూ డ్యూటీలోనే ఉంటారు, ఏ పద్ధతైనా ఎంతో కొంత నడుస్తుంది. అమెరికా పశ్చిమ తీరంతో అయితే ఇద్దరికీ పగలు అనిపించే గంట ఒక్కటీ లేదు. కలిసి మాట్లాడే ప్రతి నిమిషం ఎవరో ఒకరి రాత్రిలోంచి రావాల్సిందే, అది దాదాపు ఎప్పుడూ మన రాత్రే. నవంబర్ వచ్చేసరికి ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నర అవుతుంది, పిల్లలు పడుకునే వేళ, క్యాబ్‌లో ఇంటికి చేరే వేళ అదే. ఈ లెక్క వేయకుండా రోజూ స్టాండప్ (టీమ్ అంతా కలిసే చిన్న మీటింగ్) పెడదాం అనేవాళ్లతో నేను గట్టిగానే వాదిస్తాను.

ఆన్‌సైట్ మనిషి ఒకరు, మిగతా అంతా ఇక్కడ

మనకి బాగా అలవాటైన పద్ధతి ఇదే. క్లయింట్ దగ్గర ఒకరో ఇద్దరో ఉంటారు, పని ఇక్కడ జరుగుతుంది, అన్ని ప్రశ్నలూ ఆ ఒక్క మనిషి గుండా వెళ్తాయి. దీని బలం నిజమైనదే. పని ముందే స్పష్టంగా తేలిపోయి ఉంటే, పాత సిస్టమ్‌ని కొత్తదానికి మార్చడం, రిపోర్టులు, మెయింటెనెన్స్ లాంటివి అయితే, ఆ ఆన్‌సైట్ మనిషి రెండు వైపుల పద్ధతులూ తెలిసినవాడైతే, ఖర్చుకి తగ్గ ఫలితం వస్తుంది. క్లయింట్ మొహంలో అసంతృప్తి కనిపించగానే పట్టుకుని ఇక్కడికి చెప్పగలిగేది ఆయనే, ఇక్కడి టీమ్ మీద అన్యాయంగా పడబోయే మాటని ఆపగలిగేదీ ఆయనే.

ఇబ్బంది ఎక్కడంటే, నిజం పుట్టిన చోటుకీ నిర్ణయానికీ మధ్య ఈ పద్ధతిలో చేతులు ఎక్కువ: చేసే మనిషి, లీడ్, ఆన్‌సైట్, క్లయింట్ మేనేజర్. పైవాళ్ల ముందు కాదనడం కష్టమైన చోట ఒక్కో చేతిలో ఆ నిజం కొంచెం మెత్తబడుతుంది. "ఫెయిలవుతోంది" కాస్తా "కొన్ని కేసుల్లో ఇష్యూ ఉంది" అవుతుంది, అది "చూస్తున్నాం" అవుతుంది. అవతలివైపు జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి చోటైతే, చెప్పలేదంటే సమస్య లేదనే వాళ్లు అనుకుంటారు, నమ్మకం ఒక్కసారి పోయిందంటే తిరిగి రావడం చాలా కష్టం. ఇంకో సంగతి, ఆ ఆన్‌సైట్ మనిషి సెలవు పెట్టినా, వీసా అయిపోయి వచ్చేసినా, టీమ్‌కి ఉన్న ఒకే తలుపు మూసుకుపోతుంది. ఆయన మీద పడే భారం కూడా మామూలుది కాదు: పగలంతా క్లయింట్‌తో, రాత్రంతా హైదరాబాద్‌తో, రెండువైపులా ఆయన్నే తప్పుపడతారు.

ఇదే ఎంచుకోక తప్పకపోతే ఒక్క మార్పు చేయండి. ప్రశ్నలు అడగడానికి, టెస్టింగ్ ఫలితాలు పెట్టడానికి ఆన్‌సైట్ మనిషితో పనిలేకుండా నేరుగా క్లయింట్ చూసే ట్రాకర్‌లో (పనులు, సమస్యలు నమోదు చేసే చోట) రాసే హక్కు ఇక్కడ ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. ఆన్‌సైట్ మనిషి అర్థం చేయించడానికి ఉండాలి, వడపోయడానికి కాదు. క్లయింట్‌ల కంటే మన మేనేజర్లే దీనికి ఎక్కువ భయపడతారు, ఇది నేను పదేపదే చూసిన విషయం.

సూర్యుడితో పాటు పని

ఒకచోట పొద్దుగూకితే ఇంకోచోట పని అందుకుంటారు, 24 గంటలూ పని ఆగదు. ప్రెజెంటేషన్‌లో చాలా అందంగా ఉంటుంది. సపోర్ట్, ప్రొడక్షన్ ఇన్సిడెంట్లు (కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌లో వచ్చే సమస్యలు), సెక్యూరిటీ నిఘా లాంటి వాటికి ఇదే సరైనది, ఎవరినీ రోజూ నైట్ షిఫ్ట్‌లో కూర్చోబెట్టకుండా నడుస్తుంది కాబట్టి మనుషుల ఆరోగ్యానికీ మంచిది. కొత్త ఫీచర్ డిజైన్‌కి మాత్రం దీన్ని వాడొద్దు, సగం ఆలోచనని పక్కవాడికి అప్పగించడం కుదరదు.

ఇందులో ప్రాణమంతా హ్యాండోవర్ నోట్‌లో, అంటే పని అప్పగిస్తూ రాసే నోట్‌లో ఉంటుంది. "డీబీ ఇష్యూ ఉంది, చూడండి" అని రాస్తే అవతలివాళ్లు మొదటి రెండు గంటలు మీరు చేసిందే మళ్లీ చేస్తారు. "రాత్రి 2.10 నుంచి ఆర్డర్ల టేబుల్‌లో రాతలు ఆలస్యమవుతున్నాయి. రీస్టార్ట్ చేశాం, తగ్గలేదు. పోయిన రిలీజ్‌లో వచ్చిన ఇండెక్స్ మీద అనుమానం, ఇంకా నిర్ధారించలేదు. దాన్ని ఇప్పుడే తీసేయకండి, బిల్లింగ్ జాబ్ ఉదయం 6 దాకా వాడుకుంటుంది" అని రాస్తే అవతలివాళ్లకి చూపు వస్తుంది. ఏం చేశాం, ఏం తేలింది, ఏది ఇంకా అనుమానమే, ఏది ముట్టుకోకూడదు, ఈ నాలుగూ ఉండాలి. నాకు తెలియదు అని రాయడానికి సిగ్గుపడే టీమ్‌లో ఈ పద్ధతి నడవదు. అందుకే నోట్ ఫారంలోనే "ఇంకా తెలియనివి" అనే గడి పెట్టేయండి, ఖాళీగా వదిలితే నోట్ తీసుకునేది లేదని చెప్పండి, అప్పుడు అది మనిషి ఒప్పుకోలు కాకుండా నింపాల్సిన గడి అవుతుంది.

పని మొత్తం ఒకేచోట

ఒక ప్రొడక్ట్‌నో, అందులో ఒక పూర్తి భాగాన్నో తీసుకుని, దాని డిజైన్, కోడ్, టెస్టింగ్, రిలీజ్ అన్నీ ఒకే సైట్‌లో పెట్టడం. హైదరాబాద్‌లో బహుళజాతి కంపెనీల సొంత కేంద్రాలు ఇప్పుడు ఎక్కువగా ఇటే వస్తున్నాయి. నాకు అవకాశం ఉంటే నేను ముందు అడిగేది ఇదే.

కారణం మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే చెప్పాడు. ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు తయారుచేసే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని. మీ సిస్టమ్‌లో రెండు భాగాలు రోజూ ఒకదాన్నొకటి కదిలిస్తుంటే, వాటిని రాసేవాళ్లని 12 గంటల దూరంలో పెట్టకండి. రెండు భాగాల మధ్య ఒక స్థిరమైన ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని ఎలా అడగాలో ముందే ఖాయం చేసుకున్న పద్ధతి) ఉండి, అది మూడు నెలలకోసారి మారితే చాలు అనుకుంటే, నిశ్చింతగా చెరో ఖండంలో పెట్టుకోండి. ఇలా చేస్తే రోజువారీ వాదనలన్నీ ఒకే గదిలో, ఒకే మాట తీరులో జరుగుతాయి. తెలుగులోనో హిందీలోనో, మధ్యలో చాయ్ తాగుతూనో, ఎవరో వైట్‌బోర్డ్ మీద గీస్తుంటే ఇంకొకరు చెరిపేస్తూనో. లీడ్ ముందు నోరు విప్పని కుర్రాడు కూడా క్యాంటీన్‌లో విప్పుతాడు, ఆ మాట నిర్ణయం తీసుకునే మనిషి చెవిన పడుతుంది, ఎందుకంటే ఆ మనిషి కూడా అక్కడే ఉన్నాడు.

ఆ చివరి మాటే అసలు షరతు. పని మొత్తం ఇక్కడ పెట్టి, ప్రొడక్ట్ మేనేజర్‌ని, సిస్టమ్ డిజైన్ తేల్చే ఆర్కిటెక్ట్‌ని అక్కడే ఉంచుకునే కంపెనీలు బోలెడు. పేరుకి ఓనర్‌షిప్ అంటారు, బటన్ రంగు మార్చాలన్నా కాలిఫోర్నియా నిద్రలేవాలి. అలాంటిది ఈ మూడో పద్ధతి కాదు, అది మొదటి పద్ధతే, కాకపోతే ఆన్‌సైట్ మనిషి కూడా లేని మొదటి పద్ధతి, కాబట్టి ఇంకా అధ్వానం. ఒప్పుకునే ముందు అడగండి: ఈ భాగంలో ఏది చేయకూడదో నిర్ణయించే మనిషి ఏ ఊళ్లో కూర్చుంటాడు?

దీనికి నష్టం లేకపోలేదు. సైట్ ఒక ద్వీపం అయిపోతుంది. కస్టమర్లు అక్కడ, మీరు ఇక్కడ, వాళ్లకేం కావాలో వాసన కూడా తగలదు. మిగతా కంపెనీకి మీ పేర్లు తెలియవు, ప్రమోషన్ల సమయంలో అది బాగా తెలిసొస్తుంది. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలు బడ్జెట్‌లో పెట్టించుకోవాలి, అవి కేవలం మేనేజర్లకే కాకుండా కోడ్ రాసేవాళ్లకి కూడా. మాజ్నెవ్‌స్కీ, చుడోబా అనే ఇద్దరు 2000లో ఇలాంటి టీమ్‌ల మీద చేసిన అధ్యయనంలో బాగా పనిచేసే టీమ్‌లకి ఒక లయ ఉందని గమనించారు: క్రమం తప్పకుండా ముఖాముఖి కలవడం, మధ్యలో ఫోన్లు, మెయిళ్లతో నడిపించుకోవడం. ప్రయాణ ఖర్చు కోసేసినప్పుడు మేనేజర్లు కోస్తున్నది ఆ లయనే.

అందరూ ఎక్కడివాళ్లక్కడ, అంతా రాతలో

నాలుగోది, సైట్ అనేదే లేని పద్ధతి. ప్రోగ్రామర్లు వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసే గిట్‌ల్యాబ్ కంపెనీ దీనికి పెద్ద ఉదాహరణ, 2021లో షేర్ మార్కెట్‌కి వచ్చేనాటికే 60కి పైగా దేశాల్లో మనుషులు, ఆఫీసు లేదు, పనిచేసే పద్ధతులు చాలావరకు ఎవరైనా చదవగలిగే హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం) ఇంకా పాత ఉదాహరణ, 1991 నుంచి మెయిల్ మీదే నడుస్తోంది, తొమ్మిది పది వారాలకో రిలీజ్ వస్తుంది, ఏ భాగానికి ఎవరు మెయింటెయినరో, అంటే ఎవరు బాధ్యులో, ఫైల్‌లో రాసి ఉంటుంది. చూడ్డానికి స్వేచ్ఛగా కనిపిస్తుంది కానీ ఈ రెండింటిలోనూ నిర్మాణం చాలా గట్టిది, ప్రతి నిర్ణయానికీ ఒక పేరు ఉంటుంది.

మనవాళ్లలో చాలామందికి ఈ పద్ధతి అనుకున్నదానికంటే బాగా నప్పుతుంది. వేగంగా, యాసతో దొర్లిపోయే అమెరికన్ ఇంగ్లీషు కాల్‌లో మధ్యలో దూరి మాట్లాడటం ఇబ్బంది అనిపించేవాళ్లు, రాసేటప్పుడు ఆలోచించుకుని, సరిచూసుకుని, గట్టి పాయింట్ పెట్టగలరు. కాల్‌లో ముగ్గురి గొంతే వినిపించే టీమ్‌లో డాక్యుమెంట్ కింద కామెంట్లు తెరిస్తే మిగతా ఏడుగురు ఏం ఆలోచిస్తున్నారో బయటపడుతుంది. ప్రతి నిర్ణయానికి ఒక పేజీ చాలు: ఏం తేల్చాలి, ఏయే దారులు చూశాం, దేన్ని ఎంచుకుంటున్నాం, ఎందుకు, ఎవరి పేరు మీద, ఎవరైనా కాదనాలంటే ఎప్పటిలోపు. ఆ చివరిది, "గురువారం మన టైమ్ సాయంత్రం 6 లోపు" లాంటి గడువు, తప్పకుండా ఉండాలి, లేకపోతే మౌనాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. క్యాథరిన్ క్రామ్‌టన్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే కనిపించింది. జవాబు రాకపోవడాన్ని ఒకరు ఒప్పుకోలు అనుకున్నారు, ఒకరు వ్యతిరేకత అనుకున్నారు, ఒకరు నిర్లక్ష్యం అనుకున్నారు, అసలు కారణం మెయిల్ అందకపోవడమో, అక్కడ సెలవు కావడమో. పరిస్థితిని వదిలేసి మనిషిని తప్పుపట్టడం దూరపు టీమ్‌లలో చాలా తేలిగ్గా జరిగిపోతుంది. సంక్రాంతికి సగం టీమ్ ఊళ్లకి వెళ్లిపోయిందని అవతలివాళ్లకి క్యాలెండర్‌లో కనిపించకపోతే, వాళ్లు ఏమనుకుంటారో మీరే ఊహించండి.

రాతకి ఉన్న చెడ్డ గుణం, కరుకు మాట ఇంకా కరుగ్గా తగులుతుంది. లైనక్స్‌లో ఏళ్లపాటు రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు సరిచూసి చెప్పే మాటలు) ఎంత దురుసుగా ఉండేవో అందరికీ తెలుసు. 2018 సెప్టెంబర్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన మాట తీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు, ప్రవర్తనా నియమావళి అప్పుడే వచ్చింది. ఇటువైపు మంచి ఉదాహరణ గిట్‌ల్యాబ్‌ది. 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ తొలగించాడు, ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు ఏం జరుగుతోందో అందరూ చూసేలా డాక్యుమెంట్ తెరిచారు, రికవరీని లైవ్‌లో చూపించారు, ఆ మనిషిని బలి చేయకుండా బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో రాశారు. రాత మీద నడిచే టీమ్ కావాలంటే తప్పుని రాయడం క్షేమం అన్న నమ్మకం ముందు ఉండాలి. అప్రైజల్‌లో పాత మెసేజ్‌లు తవ్వి చూపించే చోట ఎవరూ ఏమీ రాయరు, అన్నీ ఫోన్లలోనే మాట్లాడుకుంటారు.

కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాళ్లకి మాత్రం ఈ పద్ధతి కష్టం. పక్కన కూర్చుని చూసి నేర్చుకునేది వాళ్లకి దొరకదు. సగానికి సగం ఫ్రెషర్లున్న టీమ్‌కి నేను దీన్ని సూచించను.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

పని ముందే తేలిపోయి ఉంది, కొద్ది నెలల్లో అయిపోతుంది అంటే మొదటిది చాలు, పైన చెప్పిన ట్రాకర్ మార్పుతో. 24 గంటల సపోర్ట్ అయితే రెండోది, ఆలోచించక్కర్లేదు. ప్రొడక్ట్ ఏళ్లపాటు సాగేది, అవతలివైపు అమెరికా పశ్చిమ తీరం, ఇక్కడ పదిమందికి తక్కువ కాని టీమ్ ఉంటుంది అంటే మూడోదాని కోసం పట్టుబట్టండి, నిర్ణయాధికారం ఉన్న మనిషి ఇక్కడికి రాకపోతే ఒప్పుకోకండి. అందరూ అనుభవం ఉన్నవాళ్లు, బాగా రాయగలరు, ఐదారు దేశాల్లో ఒక్కొక్కరుగా ఉన్నారు అంటే నాలుగోది. బెర్లిన్, లండన్‌లతో అయితే మూడోదీ నాలుగోదీ కలిపినా నడుస్తుంది, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఉన్న ఉమ్మడి సమయాన్ని వాదనలకి వాడుకుని, పొద్దున్న పూట ప్రశాంతంగా రాసుకోవచ్చు.

ఒక్క అమరికని మాత్రం ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోవద్దంటాను: తొమ్మిదిమంది ఒక ఆఫీసులో, పదో మనిషి ఒక్కరే వేరే దేశంలో. ఆ తొమ్మిదిమంది నడుస్తూ నడుస్తూ తేల్చేసుకుంటారు, పదో మనిషికి తెలిసేది నిర్ణయం అయిపోయాక. అతను ఎంత తెలివైనవాడైనా ఏడాది తిరిగేసరికి చెప్పింది చేసే మనిషిగా మారిపోతాడు. తప్పకపోతే ఆ తొమ్మిదిమందీ కూడా ఎవరి డెస్క్ నుంచి వాళ్లే కాల్‌లో చేరాలి, ఒకే గదిలో కూర్చుని ఒకే స్పీకర్ ముందు కాకుండా.

మీరు టీమ్ పెట్టే స్థానంలో లేకుండా, అందులో చేరబోతుంటే, ఇంటర్వ్యూ చివర్లో మీకేమైనా ప్రశ్నలున్నాయా అంటారు కదా, అప్పుడు ఈ మూడు అడగండి. పోయిన నెలలో ఈ టీమ్ కాదన్న పని ఏదైనా ఉందా, ఎవరు కాదన్నారు? రాత్రి కాల్స్ వారానికి ఎన్ని, అవతలివాళ్లు పొద్దున్నే లేచి చేసేవి ఎన్ని? కోడ్ రివ్యూకి సగటున ఎంతసేపు ఆగాలి? మొదటి ప్రశ్నకి జవాబు తడుముకుంటే అది ఏ పద్ధతో మీకు తెలిసిపోయినట్టే.

ఏది ఎంచుకున్నా మొదటి వారాలు జాగ్రత్త. ఖండాలు దాటిన విద్యార్థి టీమ్‌ల మీద యార్వెన్‌పా, లైడ్నర్ 1990ల చివర్లో చేసిన పరిశోధనలో నమ్మకం చాలా త్వరగానే పుడుతుందని, కానీ చాలా పెళుసుగా ఉంటుందని తేలింది. మొదటి రోజుల్లో ఉత్సాహంగా, చెప్పిన టైమ్‌కి జవాబిస్తూ పని మొదలుపెట్టిన టీమ్‌లే చివరిదాకా నిలబడ్డాయి. కాబట్టి పరిచయాల మీటింగ్‌తో సరిపెట్టకుండా, మొదటి వారంలోనే రెండువైపులవాళ్లూ కలిసి పూర్తి చేసే ఒక చిన్న నిజమైన పని పెట్టండి.

తర్వాత ఆరేడు వారాలు ఒక్క లెక్క రాసుకుంటూ ఉండండి: ఒక ప్రశ్న పుట్టినప్పటి నుంచి జవాబు వచ్చేదాకా ఎన్ని గంటలు పట్టింది, మధ్యలో ఎంతమంది చేతులు మారింది. ట్రాకర్‌లో తేదీలు ఎలాగూ ఉంటాయి, పెద్ద శ్రమ కాదు. గంటలు తగ్గుతుంటే ఆ పద్ధతిలోనే కొనసాగండి. తగ్గకపోతే ట్రైనింగ్ బుక్ చేసే ముందు, ఎక్కువ ప్రశ్నలు ఏ ఒక్క మనిషి దగ్గర ఆగుతున్నాయో చూసి, ఆ మనిషి తీసుకునే నిర్ణయాల్లో ఏవి ప్రశ్న పుట్టిన చోటుకే ఇచ్చేయొచ్చో వాళ్లతోనే కూర్చుని జాబితా రాయండి.